బూడిద డబ్బా

పోయిన చలికాలం ఊట దగ్గర మంచు మీద జారిపడ్డప్పటి నుంచి మా అత్తకి నడుం వంగదు. ఆగస్టు చివర్లో, మా వైపు వసంతం మొదలవగానే, పీచ్ చెట్లు ఆకుల కంటే ముందే పూలు తొడుక్కుని ఊరంతా గులాబీ రంగులో నిలబడితే, ఆవిడ మాత్రం గడప మీద కూర్చుని పెరటి మడుల వైపు చూస్తూ ముక్కు చీదేది. మా లెసోతో కొండల్లో ఆడదాన్ని తిట్టినా పడి ఊరుకుంటుందేమో గానీ, వసంతంలో మట్టి ముట్టుకోవద్దంటే మాత్రం ఊరుకోదు.

అందుకే ఆవిడ కోసం ఎత్తు మడి కట్టడానికి నేను రాళ్ళు మోశాను. నడుమెత్తున గుండ్రటి గోడ, మధ్యలో చెత్తా చెదారం వేసే బుట్ట, దాని దాకా వెళ్ళడానికి ఒక పక్క సందు. ఆ సందులో నిలబడితే వంగక్కర్లేకుండా మడంతా చేతికందుతుంది. మా ఆయన త్సెలీసో గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డుకి పోయాడు. వసంతంలో ఆయన మాకు దొరకడు. అత్త గడప మీంచే హుకుములు జారీ చేసేది.

"ఆ రాయి తిప్పిపెట్టు, మారెతాబిలే. దాని బొజ్జ లోపలికుండాలి."

మారెతాబిలే అంటే రెతాబిలే తల్లి. పెళ్ళైన రోజునే కోడలికి పుట్టబోయే బిడ్డ పేరు చెప్పి పిలవడం మా అలవాటు. మా అత్తా అంతే, మాత్సెలీసో అనిపించుకుంటూ ఈ ఇంటికొచ్చింది, ఏడాది తిరక్కుండా త్సెలీసోని కన్నది. నేనొచ్చి నాలుగేళ్ళు. పుట్టింటి పేరు పోయింది, రెతాబిలే రాలేదు. 'సంతోషించాం' అని ఆ పేరుకి అర్థం. ఎవరు పిలిచినా, పలికే ముందు నా గొంతులో ఏదో అడ్డం పడేది.

మడి అడుగున తుప్పు డబ్బాలూ ఎముకలూ, వాటి మీద బూడిద, పేడ, మట్టి, మళ్ళీ అదే వరస. ఆఖరున గోడ వారన నాలుగు గుప్పిళ్ళ బూడిద తక్కువైంది. అత్త గడప మీద కునుకు తీస్తుంటే ఇంట్లోకెళ్ళాను, తలుపు వెనక పాలపొడి డబ్బాలో కనిపించింది. గిన్నెలు తోమడానికి అత్త దాచిందనుకున్నాను. తెచ్చి రాళ్ళ వెంబడి పోసి, డబ్బాని తొక్కి అందులోనే పడేసి, పైన పల్చగా మట్టి కప్పాను. చేతులు దులుపుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను.

అత్త కర్ర పట్టుకుని వచ్చి, సందులో నిలబడి, రెండు చేతులూ చాపి మట్టిని తడిమింది. ఆ మొహం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

"ఇక తలుపు వెనక డబ్బా తే," అంది. "గింజలు బూడిదలో దాచాను, పురుగు పట్టకుండా."

నేను రాళ్ళ వెంబడి పోసింది అదే. ఆవగింజలో సగం కూడా ఉండని గింజలు, బూడిదలో ఏం కనిపిస్తాయి? అంచులు కుచ్చిళ్ళు పోసినట్టుండి, ఎర్ర ఈనెలుండే ఆకుకూర అది. అత్తకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఏటా వాడంతా వచ్చి చిటికెడు పట్టుకుపోతారు. గింజ నిలిపే ఓపిక మాత్రం ఒక్కరికీ లేదు, మాత్సెలీసో ఉండగా వాళ్ళకేం ఖర్మ. అంటే ఆ డబ్బాలో ఉన్నదే మొత్తం.

"గాలి ఎక్కువగా ఉందమ్మా, రేపు చల్లుదాం," అన్నాను. మేం అత్తని అమ్మా అనే పిలుస్తాం.

అప్పుడే చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. నాలుగేళ్ళుగా నేను చెయ్యి పెట్టిన చోటల్లా ఊరి కళ్ళున్నాయి. పక్కింటి మాతుమేలో అయితే, నేను మేత వేశాక తన కోడి గుడ్లు పెట్టడం మానేసిందని చెప్పుకు తిరిగింది. కడుపు పండని దాని చేతిలో గింజ కూడా చచ్చిందంటారు. అత్తా అదే అనుకుంటే? ఇచ్చిన పేరు వెనక్కి తీసుకుంటే?

మర్నాడు తెల్లారగానే టౌనుకి పోయి కొట్లో ఆకుకూర గింజల ప్యాకెట్టు కొన్నాను. అలాంటి డబ్బానే వెతికి, గింజల్ని బూడిదలో కలిపి తలుపు వెనక పెట్టాను.

అత్త చల్లబోయే వేళకి మాతుమేలో అరచెయ్యి చాపుకుని రానే వచ్చింది. ఏటా చేసినట్టే అత్త ఒక గింజ నాలిక మీద వేసుకుని కొరికింది. పక్కకి ఉమ్మింది.

"ఎలా ఉన్నాయే?" అంది మాతుమేలో.

"గింజల్లా ఉన్నాయి. పట్టు," అని ఆమె చేతిలో చిటికెడు పోసి, మిగతావి మడంతా చల్లింది.

మూడు వారాలకి మొలకలు ఆకులేశాయి. వెడల్పుగా, నున్నగా, ఈనెల్లో ఎరుపన్నదే లేకుండా. నేను గిన్నెలు కడిగిన నీళ్ళు బుట్టలో పోస్తూ మొహం తిప్పుకునేదాన్ని. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు కలుపు తీసేది. మాతుమేలో ఊరుకుంటుందా?

"నా మడిలో లేచింది మీ ఆకు కాదే, మాత్సెలీసో. కోడలి చెయ్యి తగిలిందేమో. ఆ పేరన్నా మార్చి చూడు. లేని బిడ్డ పేరు ఎన్నాళ్ళని పిలుస్తావ్?"

"నా డబ్బా తడిసింది. గింజ చచ్చింది," అంది అత్త తాపీగా. "నేనే కొట్లో కొనిపించాను. నచ్చకపోతే పీకెయ్. నీ నాలిక కంటే తేలిగ్గానే ఊడొస్తాయి."

మాతుమేలో మూతి తిప్పుకుంటూ పోయింది. నేను సందులోనే కూలబడి, బూడిద సంగతి మొత్తం కక్కేశాను. మాతుమేలో మాట నిజమే, పేరు మార్చెయ్యమ్మా అని కూడా అన్నాను.

"మొదటి రోజే తెలుసు," అంది అత్త. "నాలిక మీద పెట్టగానే, కొట్లో గింజలకి పూసే మందు కంపు. మూడు రోజులు సంకటి సయించలేదు నాకు."

"మరెందుకు చల్లావమ్మా?"

"చల్లక? నా నడుం కోసం రాళ్ళు మోసినదాన్ని మాతుమేలో ముందు నిలబెట్టి అడగమంటావా?" కర్రతో నా భుజం మీద తట్టింది. "లే. ఎక్కడ పోశావో చూపించు."

పేరు గురించి ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం, పాత టీ కెటిల్‌తో గోడ వారన రాళ్ళ సందుల్లో నీళ్ళు పోస్తూ చుట్టూ తిరిగేది. నేను ఆశ వదిలేసుకున్నాను. అక్టోబరు సగంలో ఒక పొద్దున రెండు రాళ్ళ మధ్య నుంచి ఓ మొలక బయటికి తొంగి చూసింది. అంచు కుచ్చిళ్ళు, సన్నటి ఎర్ర ఈనె. నెలాఖరుకి ఏడయ్యాయి.

ఆ ఏడాది ఒక్క ఆకు తుంచనివ్వలేదు అత్త. ఏడూ పూసి, కాసి, ఎండేదాకా నేనే కాపలా. గింజలు దులిపి బూడిదలో కలిపి డబ్బాలో దాచింది కూడా నేనే.

మళ్ళీ పీచ్ పూలొచ్చాయి. మాకింకా బిడ్డ లేదు. మాతుమేలో సిగ్గూ ఎగ్గూ లేకుండా అరచెయ్యి చాపుకుని వచ్చింది. వెనక ఇంకో ముగ్గురు.

"మీ పాత గింజ దొరికిందటగా. ఓ చిటికెడు పడెయ్, మాత్సెలీసో."

అత్త సందులో నిలబడి కలుపు తీస్తోంది. తలెత్తలేదు.

"నన్నడుగుతావేం? నా దగ్గర లేవు. రాళ్ళలోంచి గింజ రప్పించుకున్నది నా కోడలు. కావాలంటే దాన్నే అడగండి." ఇంటి వైపు తిరిగి, వీధి చివరిదాకా వినపడేలా పిలిచింది. "మారెతాబిలే."

"వస్తున్నానమ్మా," అన్నాను. గొంతులో ఏదీ అడ్డం పడలేదు. డబ్బా పట్టుకుని బయటికొచ్చాను.