అరగంట చలిలో పెట్టిన తుపాకీ

కాల్గరీలో బో నది పొంగిన వరదకు అది పదో ఏడు, మార్చి నెల. వరదప్పుడు నీళ్లు నిండిన మా కూతురు సుగుణ ఇంటి బేస్‌మెంట్‌లో ఇప్పుడు నా కొడుకు బిడ్డ సాత్విక ఉంటోంది, చదువుకోడానికి వచ్చి. ఆ ఏడు మన పిల్లలు ఎంతమంది దిగారంటే, కాఫీ కొట్టులో కప్పులు కడిగే పనికి కూడా వందమంది అప్లై చేశారు. సాత్వికకు ఊళ్లో పని దొరకలేదు. ఉత్తరాన అడవిలో, ఖనిజాల కోసం రాళ్లు ఏరి పరీక్షకు పంపే క్యాంపులో దొరికింది. అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి. ఎవరి తుపాకీ వాళ్లే తెచ్చుకోమన్నారు. పిల్ల కోర్సు చేసి లైసెన్సు తెచ్చుకుంది.

సుగుణకు తెలిసిన రాజగోపాల్ గారు తన పాత పంప్ యాక్షన్ తుపాకీ, ముందు చెక్కను లాగి తోస్తే తూటా ఎక్కేది, అమ్ముతానన్నారు. చూడడానికి నన్ను రమ్మంది సాత్విక. మంథనిలో బ్యాంకు ముందు ఇరవై ఆరేళ్లు తుపాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఏడాదికోసారి ఊరి బయట కాల్పించేవాళ్లు. మూడేళ్లు వరుసగా పేలలేదు. ఆ సంగతి దొంగలకు తెలియదు కాబట్టి బ్యాంకు నడిచింది.

బయలుదేరే ముందు సుగుణ నా కోటు జిప్పు పెడుతూ మెల్లగా చెప్పింది.

"బాపూ, తుపాకి మంచిగ లేదని చెప్పు. నీ మాటైతె అది ఇంటది. రేపు ఏమన్నైతె అన్నకు నేనేం చెప్పాలె?"

నేను వంగి బూట్ల లేసులు కట్టుకున్నాను.

రాజగోపాల్ గారి గరాజ్‌లో హీటర్ వేసి ఉంది. చెమట పట్టేంత వేడి. తుపాకీ నిగనిగలాడుతోంది.

"చూడండి పెద్దాయనా, కొత్తదాన్లా లేదూ? నాలుగేళ్లలో రెండుసార్లే కాల్చా."

"రెండుసార్లూ బాతులు వెళ్లిపోయాకే," అన్నారు ఆయన భార్య హైమావతి గారు తలుపు దగ్గర్నుంచి. "తీసుకెళ్లిపోండి బాబాయి గారూ, పుణ్యముంటుంది."

ఖాళీయో కాదో వేలు పెట్టి చూశాను. గొట్టంలో లైటు వేసి చూశాను. గుంటలు లేవు, వంపు లేదు. మందు లేని ప్లాస్టిక్ తూటాలు ఎక్కించి, ముందు చెక్కను లాగి తోసి అన్నీ బయటికి తీశాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. సేఫ్టీ మీట వేసి ట్రిగ్గర్ నొక్కాను, దెబ్బ పడలేదు. తీసి నొక్కాను, టక్కుమంది.

"ఏదన్న చెప్పు తాతా," అంది సాత్విక.

వాసన చూశాను. "ఏం నూనె సారూ ఇది?"

"కొబ్బరినూనె అండీ. మా అమలాపురం నుంచి తెప్పించింది. ప్రతి ఆదివారం పట్టిస్తా."

"నా తలకి లేకపోయినా దానికి ఉండాలి," అన్నారు హైమావతి గారు.

"హీటర్ బంద్ చేసి జర తలుపు తెరువున్రి," అన్నాను.

బయట మైనస్ పద్దెనిమిది. హైమావతి గారు లోపలికి వెళ్లిపోయారు. తుపాకీని బల్ల మీద పెట్టి ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. ఎదురింటాయన చూసి కిటికీ తెర వేసుకున్నాడు. అరగంట తర్వాత లాగితే ముందు చెక్క సగంలో ఆగింది. బలంగా తోసి ట్రిగ్గర్ నొక్కాను. టక్కుమనలేదు, లోపల ఏదో మెత్తగా వాలింది. నూనె నెయ్యిలా పేరుకుంది.

"పాడైందా తాతా?"

సుగుణ చెప్పమన్న మాట ఇప్పుడు పూర్తిగా అబద్ధం కూడా కాదు. తల ఊపితే చాలు. కానీ ఈ పిల్ల ఆగదు. ఇంకో తుపాకీ కొంటుంది. అప్పుడు నన్ను తీసుకెళ్లదు.

"తుపాకి మంచిదే. నూనెనే దానికి పడలే," అన్నాను.

రాజగోపాల్ గారు పేరుకున్న నూనెను గోటితో గీకి చూసి, "చిన్నప్పుడు మా కుట్టుమిషన్‌కి ఇదే వేసేవాళ్లం," అన్నారు.

విప్పి, కడిగి, తుడిచి, తుపాకులకు వేసే నూనె చుక్కలుగా వేశాం. మళ్లీ అరగంట చలిలో పెట్టాం. ఇరవైసార్లు లాగి నొక్కాను. ఇరవైసార్లూ టక్కుమంది. కొన్నాం.

ఇంట్లో సుగుణ తలుపు దగ్గరే అడిగింది. "ఏమన్నవ్ బాపూ?"

"మంచిగున్నదన్న."

అన్నం పెట్టింది. తను తినకుండా గదిలోకి పోయింది.

మర్నాడు పొద్దున చాయ్ నేనే పెట్టుకుని తాగాను. సాత్వికకు మందపాటి గ్లౌజులు తొడిగించి, కళ్లు మూసుకొమ్మని, ప్లాస్టిక్ తూటాలు ఎక్కించమన్నాను. రెండు కింద పడేసింది. ఏరి చేతికిచ్చి మళ్లీ ఎక్కించమన్నాను. సుగుణ వచ్చి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఎక్కించమన్నాను, దింపమన్నాను.