రామక్క ఆపరేషన్

తమ్ముడి పెళ్లికని కడప వెళ్లిన డాక్టర్ సమీనా పది రోజుల తర్వాత మళ్లీ కె.ఆర్.పురం ఆస్పత్రిలో అడుగుపెట్టింది. ఆడవాళ్ల వార్డులో మూడో మంచం మీద రామక్క పడుకుని ఉంది. కాడుగోడిలో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర ఇటుకలు మోసే మనిషి. ముప్పై ఆరేళ్లు కూడా నిండలేదు. సమీనా ఊరెళ్లకముందు నెలసరి ఎక్కువవుతోందని వస్తే మాత్రలు రాసి, "వీటితోనే తగ్గిపోతుంది, ఆపరేషన్ అక్కర్లేదు" అని ధైర్యం చెప్పి పంపింది.

"ఏమైంది రామక్కా?"

"గర్భసంచి తీసేసినారు కదా డాక్టరమ్మా. మాత్రలు అయిపోయినాయని వస్తి. ఆపరేషన్ చేయమని నువ్వే రాసిపెట్టి పోయినావని పెద్ద డాక్టరు చెప్పె. నువ్వు చెప్పినావంటే సరేననుకుంటి."

సమీనా వెళ్లి ఫైలు తీయించింది. ఆపరేషన్ అవసరమని ప్రభుత్వ బీమాకు పంపిన కాగితం కింద ఉన్నది తన సంతకమే. ఊరికి బయల్దేరుతుంటే పెద్ద డాక్టరు నాగరాజు, "అర్జెంటు కేసులకు అనుమతి ఆగిపోకూడదమ్మా" అంటూ ఖాళీ ఫారాల మీద పెట్టించుకున్న సంతకం. చేయి పట్టుకుని ఆపరేషన్లు నేర్పిన మనిషి అడిగితే, ఎందుకని ఆమె అడగలేదు.

ఆ ఫైలు పట్టుకుని వెళ్లి అడిగితే ఆయన మాత్రం తొణకలేదు.

"మాత్రలు రాస్తే బీమా కార్డు కింద మనకేమీ రాదు సమీనా. కోస్తేనే ప్యాకేజీ డబ్బులు. మన జీతాలు యాడనుంచి వస్తాయనుకున్నావు? ఈ కేసులో నీ వాటా కూడా నీ ఖాతాలో వేయించినా, చూసుకో."

"నా పేరు చెప్పి ఆమెను ఒప్పించారు సార్."

"నిన్ను నమ్ముతాది కదమ్మా, అందుకే."

సమీనా తిరిగి వార్డుకు వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పింది.

"అయితే తీయకపోయినా బాగయ్యేదాన్నా?"

"అయ్యేదానివి."

"కాగితం మీద సంతకం నీదేనా?"

"నాదే."

"ఇంగ పో డాక్టరమ్మా."

కుట్లు విప్పడానికి కూడా ఆమెను దగ్గరికి రానివ్వలేదు. నర్సు చేతే విప్పించుకుంది.

సమీనా ఆ వారమే ఉద్యోగం మానేసి, బీమా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. "మీ మీద కూడా విచారణ ఉంటుంది మేడం" అన్నాడు అధికారి. "ఉండనివ్వండి" అంది.

రెండు నెలల తర్వాత విచారణకు రామక్క వచ్చింది. నాగరాజు ఒకవైపు, సమీనా ఒకవైపు కూర్చుని ఉన్నారు. ఎవరు మోసం చేశారని అధికారి అడిగాడు.

"నాకేం తెలుసు సార్" అంది రామక్క, ఇద్దరి వైపూ చూడకుండా. "నేను ఇద్దర్నీ నమ్మినా."