దెల్ఫీనా గౌను

ఇలారియో కుట్టిన గౌను తొడుక్కోని సినిమాతార రోమ్‌లో లేదంటే అతిశయోక్తి కాదు. పత్రికలన్నీ ఆయన్ని ఆకాశానికెత్తేశాయి. ఆ గౌన్లన్నీ ముందు ఎవరి ఒంటి మీద తయారయ్యాయో మాత్రం ఒక్క పత్రికా రాయలేదు. దెల్ఫీనా ఒంటి మీద. నాతోపాటే ఆయన దగ్గర కుట్టుపనిలో చేరిన, త్రస్తేవెరె పేటలో రొట్టెలు కాల్చేవాడి కూతురు.

మొదటి ప్రదర్శన నాటికి ఇలారియో దగ్గర మోడళ్ళకివ్వడానికి చిల్లిగవ్వ లేదు. గౌన్లన్నీ దెల్ఫీనాయే మార్చి మార్చి తొడుక్కుని నడిచింది. ఆ రోజుతో ఆయన దశ తిరిగింది. తరవాత మోడళ్ళు చాలామంది వచ్చారు గాని, కొత్త గౌను పుట్టాలంటే దెల్ఫీనా నిలబడాల్సిందే. ముప్పై ఏళ్ళు నిలబడింది. గుండుసూదులన్నీ గుచ్చాక రెండడుగులు వెనక్కి వేసి ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "బాగుంది దెల్ఫీనా, ఇక విప్పెయ్." ఆమె విప్పేసేది. గౌను ఇంకెవరింటికో పోయేది.

కడుపులో కాన్సరని తేలాక మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"మాస్ట్రో, నాకూ ఒకటి కుడతారా? జులైలో మడోన్నా మాత ఊరేగింపు మా వీధిలోకొస్తుందిగా, అప్పుడు తొడుక్కుని గుమ్మంలో నిలబడతా. ఆ తల్లి ఒక్కతే ముస్తాబవ్వాలా ఏం?"

"నీకు కాక ఇంకెవరికి కుడతానే!" అన్నాడు ఇలారియో. ఆ సాయంత్రమే ముదురు నీలం పట్టు తెచ్చాడు.

గౌను ఒక పట్టాన తెమల్లేదు. ట్రయల్‌కి వచ్చిన ప్రతిసారీ దెల్ఫీనా ఇంకాస్త చిక్కిపోయి వచ్చేది. ఆయన కచ్చా కుట్లన్నీ ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"భుజం దగ్గర ముడత చూడు ఓర్నెల్లా," అన్నాడోసారి నాతో.

"ఆ ముడత మడోన్నాకి కనిపిస్తుందా మాస్ట్రో? దెల్ఫీనా గుమ్మంలో నుంచునేది కాసేపు. ఇలాగే ఇచ్చెయ్యండి. వదులుగా ఉంటే ఒంటి మీదే నాలుగు కుట్లు వేస్తా."

"నోర్ముయ్! మనిషి తొడుక్కుని ఉండగా సూది పెట్టడం శవానికి చేసే పని."

మా కుట్టుపనివాళ్ళందరికీ తెలిసిన మాటే అది. నాలుక కరుచుకున్నాను. కాసేపటికి ఆయనే గొంతు తగ్గించి అన్నాడు: "ఇది పూర్తవకుండా అది ఎక్కడికీ పోదు ఓర్నెల్లా. ఇన్నేళ్ళలో ఒక్క ట్రయలైనా మధ్యలో వదిలేసి వెళ్ళిందా?"

మే నెల దాటదన్నాడు డాక్టరు. దాటింది. ఊరేగింపు దాకా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. మడోన్నా వీధిలోకి వచ్చే వేళకి నీలం గౌను చేతులు లేకుండా దుకాణంలో ఉంది. దెల్ఫీనా నైటీ మీద నా శాలువా కప్పుకుని కిటికీలోంచి చూసింది.

"ఈ ఏడు ఆ తల్లికి చేతులు కాస్త పొడుగు కుట్టారే," అంది.

నవ్వాను. తరవాత వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆగస్టులో ఊరంతా సముద్రానికి పోయి దుకాణాలు మూసి ఉన్నప్పుడు దెల్ఫీనా పోయింది. ఇలారియో గౌను చేతి మీద వేసుకుని తనే వాళ్ళింటి మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరం కలిసి తొడిగాం. ఎక్కడపడితే అక్కడ వదులు. సూదిలో దారం నేనే ఎక్కించి ఆయనకిచ్చాను.

"ఒంటి మీదే కుట్టండి మాస్ట్రో. ఇప్పుడేం దోషం లేదుగా," అన్నాను. కావాలనే అన్నాను, నాకంత కోపంగా ఉంది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నడుం, చేతులు, చివరికి ఆ భుజం కుట్టాడు. ముడత లేదు. దారం కొరికి, లేచి, అలవాటు చొప్పున రెండడుగులు వెనక్కి వేశాడు.

"బాగుంది దెల్ఫీనా," అన్నాడు.

తరవాతి మాట కూడా పెదవుల దాకా వచ్చింది, నేను చూశాను. రెండు చేతులతో నోరు మూసుకుని మంచం పక్కన కూలబడిపోయాడు.