మందు పెట్టే మనిషి

పొట్లం కట్టి పెట్టెలో మామిడికాయల సందున దోపి, పైన ఇంకో వరుస పేర్చి, అండాలు మళ్లీ పేపరు ముక్క అందుకుంది. నాలుగు బూడిదరంగు రాళ్లు అందులో వేసి చుట్టింది. తడి తగిలితే చాలు, ముక్కులదిరే వెల్లుల్లి వాసన, కళ్లల్లో మంట. ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడో పగిలి నల్లబడ్డాయి. అధికారులొచ్చి గడ్డిఅన్నారం మార్కెట్లో గోదాములు తనిఖీ చేసిపోయాక, నిషేధమున్న ఈ రాళ్ల పేరు, కార్బైడ్ అన్న మాట నోట రావద్దని సేటు హుకుం. అప్పట్నుంచీ అందరికీ అది మందు. పచ్చి బంగినపల్లికి మందు పెట్టి రంగు తెప్పించడమే అండాలు బతుకు.

ఆవేళ తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సన్నది లేదు. దిగిన సరుకు మాత్రం ఆగుతుందా? మేస్త్రి సైదులు షట్టరు దించి లోపల పని నడిపిస్తున్నాడు. చప్పుడు బయటికి పోతుందని ఫ్యాను కూడా ఆపేశాడు, మహానుభావుడు!

"సైదులూ, జర షట్టర్ లేపరాదు. ఊపిరాడుతలేదు."

"ఎట్ల లేపాలక్కా? బంద్ నాడు పని చేస్తున్నమని తెలిస్తే పోరగాళ్లు ఊకుంటరా? పెట్టెలన్నీ రోడ్డు మీద గుమ్మరిస్తరు. జరసేపు ఓపిక పట్టు."

అదీ నిజమే. బయట ఊరేగింపు "జై తెలంగాణ" అంటుంటే ఆమె పెదాలూ కదిలాయి. తెలంగాణ రావాలని ఆమెకు మాత్రం లేదా? తన వాళ్లకే భయపడి దాక్కోవడమేం ఖర్మో! నవ్వొచ్చింది. నవ్వు కాస్తా దగ్గయింది, ఎంతకూ ఆగలేదు.

మొన్న ఈ దగ్గుకే ఎల్‌బీ నగర్‌లో దవాఖానకు పోయింది. డాక్టరు కోస్తా మనిషి.

"ఏం పని చేస్తావమ్మా?"

"మందుల పని సార్."

"మెడికల్ షాపులోనా? మరి ఈ దగ్గెలా వచ్చింది? చల్లటివేమైనా తాగావా?"

కార్బైడ్ అన్న మాట నాలుక దాకా వచ్చింది. పని పోతుందన్న భయంతో మింగేసింది. "అవు సార్," అంది. ఆయన దగ్గు సిరప్ రాసిచ్చాడు. పాపం, ఆయన తప్పేముంది?

"జర ఒరుగుత సైదులూ," అంది ఇప్పుడు, దగ్గు మధ్యలోనే.

"ఒరుగక్కా. మిగిలినయి నేను జూస్కుంట."

గోడకు చేరగిలబడి మూసిన షట్టరు కేసే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి బయటి గాలి పీల్చుకుంటే చాలనిపించింది. కాసేపటికి దగ్గు ఆగింది. నిద్రపట్టింది కాబోలనుకున్నాడు సైదులు.

ఊరేగింపు సాగిపోయాక షట్టరు లేపాడు. గాలి రివ్వున లోపలికొచ్చింది. "లే అక్కా, గాలొచ్చింది," అంటూ భుజం తట్టాడు. ఆమె తల పక్కకు వాలిపోయింది. సైదులుకు ఏడుపాగలేదు.

పక్క గోదాముల వాళ్లు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు. సైదులు, వాళ్ల వెనకే వచ్చి నిలబడ్డ సేటు వైపు చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"దగ్గుండె. మందు పడలే," అన్నాడు.

ఆమె సగం నింపిన పెట్టెను లారీకెక్కించడానికి అతనికి చేతులు రాలేదు. మూడోనాటికి గోదాము మూలన ఆ సగం పెట్టెలో కాయలన్నీ నిగనిగలాడే పసుపు రంగుకు తిరిగాయి.