ఆడబిడ్డ దువ్విన తల

పెమాస్క్వా మొగుడు పోయి రెండేళ్ళు దాటింది. అమెరికా తూర్పు తీరపు లెనాపె తెగలో ఆడది మొగుడు పోయాక ఏడాదిపాటు చింకి బట్టలు కట్టుకుని, తల దువ్వకుండా, మాంసం ముట్టకుండా ఉండాలి. అంతవరకూ బాగానే ఉంది. ఏడాది నిండాక మొగుడి తరఫువాళ్ళు వచ్చి తల దువ్వి, మంచి బట్ట కట్టి, ఇక చాలమ్మా అనాలి. ఆ మాట అనడానికి ఎవరున్నారు గనక? సముద్రం దాటి వచ్చిన తెల్లదొరలు డెలావేర్ అని పిలుచుకునే నది పక్క నేలంతా వాళ్ళ కంచెల్లోకి పోయాక, అత్తింటివాళ్ళు మూటాముల్లె సర్దుకుని పడమటి కొండల అవతలికి వెళ్ళిపోయారు.

తోటివాళ్ళు చెప్పి చూశారు. కాలం మారింది, నువ్వే దువ్వుకో, ఎవరడుగుతారు అన్నారు. బుట్టలు కొనే డచ్చి ఇల్లాలైతే జాలిపడి తన నీలం పావడా తెచ్చి చేతిలో పెట్టింది. పెమాస్క్వా మర్యాదగా పుచ్చుకుని, ఎండబెట్టిన మొక్కజొన్న కంకుల మీద కప్పింది. మంచి బట్టే, పాపం. కానీ ఆవిడ అత్తింటి మనిషి కాదుగా.

ఈ ఆకురాలు కాలంలో కూతురు వీసావకు ఆడపిల్ల పుట్టింది. తొలి మనవరాలు. పెమాస్క్వా ఎత్తుకోలేదు. ఎత్తుకోకూడదని ఎవరూ అనలేదు, ఈ చావు బట్టలతో పసిదాన్ని తాకనని తనే మొండికేసింది. పిల్ల ఏడ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర కూర్చుని బుట్ట అల్లిక బిగించేది. ఆ వారం అల్లిన బుట్టల్లో నీళ్ళు పోసినా కారవు.

తొమ్మిదో రోజు పొద్దున్నే కొండదారిన ఒక ముసలామె కర్ర ఊతంతో దిగింది. మొగుడి చెల్లెలు మహ్కీస్! పెమాస్క్వా అల్లిక ఆపి లేచి నిలబడింది. ఇద్దరి మధ్యా పాతికేళ్ళపాటు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పడమటికి వెళ్ళేరోజున చెప్పి కూడా వెళ్ళలేదు ఆ మహాతల్లి.

వచ్చినవాళ్ళకు ముందు తిండి, తర్వాతే మాటలు. వీసావ చిక్కుళ్ళు వేసిన మొక్కజొన్న అంబలి పెట్టింది. మహ్కీస్ తీరిగ్గా తాగి, మూతి తుడుచుకుని వదిన వంక చూసింది.

"ఏం తల వదినా ఇది? పిచ్చుకలు కాపురం పెట్టాయా?"

"మీవాళ్ళు దువ్వుతారని చూస్తున్నా. రెండేళ్ళయింది."

"వచ్చాగా. ఇటు తిరుగు."

ఎముక దువ్వెన తీసి, ఎలుగుబంటి కొవ్వు రాసి, మధ్యాహ్నం దాకా చిక్కులు విప్పింది. మూటలోంచి ఎర్ర బట్ట తీసి కట్టింది. ఎండు జింకమాంసం ముక్క నోటికందించింది. ఆచారం ప్రకారం చెప్పాల్సిన మాటా చెప్పింది: మా తరఫున నీకిక ఏ అడ్డూ లేదు, మనసైనవాణ్ణి కట్టుకో అని. అరవై ఏళ్ళ పెమాస్క్వాకు ముక్క నోట్లో ఉండగానే నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది.

అప్పుడు చూసింది ఆడబిడ్డ ఒంటిమీది బట్టను. అన్నీ అతుకులే. ఉన్న ఒక్క మంచి బట్టా తనకే కట్టిందన్నమాట. తక్కినవాళ్ళేరని అడిగింది. పోయిన చలికాలం మశూచికం వచ్చిందని చెప్పి, మహ్కీస్ దువ్వెనలో చుట్టుకున్న వెంట్రుకలు తీస్తూ కూర్చుంది.

"నేనొక్కదాన్నే మిగిలాను వదినా. నేనూ పోతే నిన్ను విడిపించేవాళ్ళుండరు. అందుకే ఒంట్లో ఓపికుండగానే బయల్దేరాను."

ఆ మోకాళ్ళతో పదహారు రోజులు నడిచిందట. ఈమెను తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి పెమాస్క్వాకు సిగ్గేసింది. నాకోసం ఇంత చేసినవాళ్ళు లేరే, నీ రుణం ఎలా తీర్చుకోను అంటూ ఆ ముసలి చేతులు రెండూ చెంపలకు ఆనించుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, మొదటిసారి మనవరాల్ని ఎత్తుకుని, తెచ్చి మహ్కీస్ ఒళ్ళో పెట్టింది.

"వంశం తల్లిదే కదా, కూతురి బిడ్డ కాబట్టి ఇది మా తాబేలు వంశం పిల్ల. మీ తోడేలు వంశంలో చేరదు, ముందే చెప్తున్నా. కానీ ముక్కు చూడు, మీ అన్నదే."

మహ్కీస్ చాలాసేపు చూసింది. వేలితో ఆ ముక్కును తడిమింది.

"ఇక వెనక్కి నడవలేను వదినా," అంది మెల్లగా.

"ఎవరు నడవమన్నారే నిన్ను?" అంది పెమాస్క్వా.