సాలో అంటే ఉప్పు

కూర్మయ్య సుత్తితో పట్టా పక్కన ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విని, ముందుకు కదిలాడు. నౌపడ దాటాక రైలుపట్టాల మీద అతని రోజంతా ఇంతే. వదులైన బోల్టు కనిపిస్తే బిగించడం, లేకపోతే నడవడం. సుత్తి మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. నారింజరంగు చొక్కా వీపున చెమట ఆరి ఉప్పు చారలు కట్టింది. అతని గురించి చెప్పమంటే ఊళ్లో ఎవరైనా కాసేపు ఆలోచించాల్సిందే.

అలాంటివాడి నోట్లో ఈవేళ ఒక మాట నానుతోంది. రైలుగేటు పక్కింటి జ్ఞానసుందరి టీచరుకి దాన్ని అప్పజెప్పాలి.

మిషన్ బడిలో రిటైరైన ఆవిడకి ఎస్పెరాంటో అనే భాషంటే పిచ్చి. ఏ దేశానిదీ కాని ఆ భాషని ఎవరో కంటి డాక్టరు తయారుచేశాడట. మాట్లాడటానికి మరో మనిషి దొరక్క, రోజూ మజ్జిగకి ఆగే కూర్మయ్యకి నేర్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఉప్పుసీసా చూపించి "సాలో?" అంది.

"సాలమ్మా, సాలు," అంటూ అతను గ్లాసు వెనక్కి లాక్కున్నాడు.

ఆవిడ పడీ పడీ నవ్వింది. "సాలో అంటే ఉప్పయ్యా!"

తర్వాత అతని దారి గురించే చెప్పింది. "ఫేరో ఇనుము, వోయో దారి. అతికిస్తే ఫెర్వోయో, నువ్వు నడిసే రైలుదారి. ఫ్రెంచోళ్లూ జర్మనోళ్లూ ఇనపదారనే అంటారు, ఆళ్లని సూసి అతికించిన మాటది. నువ్వూ ఒకటి సెయ్యి, సూద్దాం."

"నావల్ల ఏటవుతాది టీచరమ్మా," అన్నాడే గానీ, పాపం, సంబరపడ్డాడు. సొంతంగా ఏదైనా చెయ్యమని అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. నెలలు గడిచాయి. నిన్న ఉప్పుమళ్ల గట్టు మీద ఇంటికి పోతుంటే తట్టింది. సాల్వోయో. ఉప్పుదారి.

గేటు దగ్గరికొచ్చేసరికి అరుగు మీద ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. ఆవిడ మేనకోడలు మెర్సీ బయటికొచ్చింది.

"తెల్లారగట్ల నిద్దట్లోనే పోయింది మావయ్యా. రాత్రి కూడా నీ గురించే. కూర్మయ్య ఏదో మాట తెస్తాడు సూడు అంది."

అతను తలూపాడు. ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు. లోపలికెళ్లి, దుప్పటి కప్పిన కాళ్ల దగ్గర నిలబడి, మెల్లగా "సాల్వోయో," అన్నాడు.

"ఏటి మావయ్యా, సాలా?" అంది మెర్సీ.

"ఏటీ లేదమ్మా."

రైలు వచ్చేలోగా వంపు దాకా పట్టాలు చూడాలి. బయటికొచ్చి సుత్తి ఎత్తుకున్నాడు. అరుగు మీద రోజూ ఉండే చోటే ఉప్పుసీసా ఉంది. 'సాలో' అని రాసి ఆవిడ అంటించిన కాగితం ఒక అంచు ఊడి, గాలికి లేచి పడుతోంది.