రాహేలు తాగిన గిన్నె

శనివారం పొద్దు వాలుతుండగా, మిషను గుడి నడిపే ఉపదేశి అబ్రహాము వచ్చి రాహేలు గుమ్మం ముందు నిలబడ్డాడు. మామూలుగా వీధిలోంచే "వందనాలమ్మా" అని కేకేసే మనిషి, ఇవాళ తలపాగా తీసి చేతుల్లో నలుపుతున్నాడు. ఆ వాలకం చూస్తే ఏదో మింగుడుపడని కబురు మోసుకొచ్చాడని ఎవరికైనా తెలిసిపోతుంది. రాహేలుకు తెలియలేదు. ఆ రోజు ఆమె అంత సంతోషంలో ఉంది.

సంతోషం ఎందుకంటే, మర్నాడు లక్ష్మీనరసమ్మ మొట్టమొదటిసారి ప్రభువు బల్లలో చేరబోతోంది. యేసు శరీరంగా ఒకే రొట్టె, ఆయన రక్తంగా ఒకే గిన్నెలో ద్రాక్షరసం సంఘమంతా పంచుకునే ఆచారమది.

లక్ష్మీనరసమ్మ రాజుల ఆడపడుచు. భీమవరానికి రెండు కోసుల దూరంలో, కాలువ గట్టునున్న ఆ ఊళ్ళో వాళ్ళదే పెద్ద లోగిలి. పంతొమ్మిదేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. రాహేలేమో మాలపల్లెలో పుట్టిన మనిషి, మిషనువాళ్ళ బైబిలు స్త్రీ. అంటే గడప దాటని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి అక్షరాలూ, వాటితోపాటు సువార్తా చెప్పే మనిషి. ఆరేళ్ళ క్రితం ఆ లోగిలి పెరటివైపు కూచుని లక్ష్మీనరసమ్మకు చదువు మొదలుపెట్టింది. పలక మీద అక్షరం రాసి నేలమీద పెట్టి తను వెనక్కి జరిగేది. లక్ష్మీనరసమ్మ దానిమీద నీళ్ళు చిలకరించి తీసుకునేది. ఆ నీళ్ళకు సగం అక్షరం చెరిగిపోయేది. అలా సగం సగం అక్షరాలతోనే ఓనమాలు పూర్తయ్యాయి. గోదావరి మీద ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళయింది, అందరి చేలకూ ఒకటే కాలువ పారుతోంది, మనుషులకు మాత్రం రేవులు వేరు. రాహేలుకు అదేం కొత్త కాదు.

రెండేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, ఎంత దిద్దినా "ళ" వంపు తిరగక విసుగెత్తి, లక్ష్మీనరసమ్మ గడప మీదికి జరిగి చెయ్యి చాపింది.

"నా చెయ్యి పట్టుకుని దిద్దించక్కా" అంది.

అక్కా అంది. చెయ్యి పట్టుకోమంది. ఆ రెండు మాటలకే రాహేలు గుండె కరిగి నీరైపోయింది. ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఇదైనా దక్కాలని కన్నతల్లి ఆమెను పెంటకుప్ప మీద పొర్లించి పెంటమ్మ అని పేరు పెట్టింది. పిల్లలు పుట్టలేదని కట్టుకున్నవాడు వదిలేశాడు. బాప్తిస్మంలో రాహేలని పిలిచినప్పుడు కూడా, ఆ పేరు ఇంకెవరిదో అనిపించేది. ఆ చెయ్యి పట్టుకున్నాకే తనూ మనిషినేనని, దేవుడి బిడ్డనేనని ఆమెకు గురి కుదిరింది. దేవుడి మాట మీద కుదరాల్సిన గురిని రాజుగారి ఆడపడుచు చేతిమీద కుదుర్చుకుంది, అదీ ఆమె చేసిన తప్పు. కానీ అంత ఆకలి మీదున్న మనిషిని తప్పుపట్టడానికి మనకు నోరెలా వస్తుంది?

"రేపు నువ్వు వెనక చాప మీద కూచోవాలమ్మా" అన్నాడు అబ్రహాము.

"అదేంటండీ? తొమ్మిదేళ్ళ నుంచీ నేను ముందు చాపేగా?"

"గిన్నె ముందు లక్ష్మీనరసమ్మగారికి ఇద్దామని. ఆవిడ తాగాక మనందరికీ."

"ఆవిడకన్నా ముందు నేను తాగితే ఏమవుద్దండీ?"

ఆయనా ఆ మాలపల్లెలో పుట్టినవాడే.

"గొప్పింటి మనిషమ్మా. ఆవిడ నిలబడితే ఆ లోగిలిలోంచి ఇంకో నలుగురొస్తారు. మిషను దొరసానిగారూ సరేనన్నారు. నీవల్ల ఒక ఆత్మకి అడ్డంకి రాకూడదు."

"ఇది మీకు తోచిందా అండీ, ఆవిడడిగిందా?"

"ఆవిడే అడిగారు" అని మొహం తిప్పుకున్నాడు.

రాహేలు నమ్మలేదు. కొంగు దోపుకుని ఉన్నపళంగా మిషను బంగళాకి నడిచింది. నెల కిందట బాప్తిస్మం పుచ్చుకుని ఇల్లు వదిలొచ్చినప్పటి నుంచీ లక్ష్మీనరసమ్మ ఆ వెనక గదిలోనే ఉంటూ, తన వంట తనే వండుకుంటోంది.

"నా తరవాత గిన్నె తాగనన్నారంటగా అమ్మగారూ?"

లక్ష్మీనరసమ్మ దాచలేదు. దాచాల్సిన మాటని ఆమెకు తోచనేలేదు.

"కోప్పడకక్కా. నేనెవరి ఎంగిలి తాగానో రేపు ఊరంతా చెప్పుకుంటారు. మా పాపారాజన్నయ్య ఎప్పటికైనా కరుగుతాడని ఆశపడుతున్నాను. ఇది తెలిస్తే ఇక జన్మలో నా మొహం చూడడు."

"మరి నా చేత చెయ్యి పట్టించుకున్నారు కదండీ. అప్పుడు లేదా ఆ భయం?"

"చెయ్యి వేరు, నోరు వేరు కదక్కా. చెయ్యైతే కడుక్కోవచ్చు. నువ్వెళ్ళగానే తలస్నానం చేసేదాన్నిగా! నీకు తెలుసనుకున్నాను."

ఎంత మామూలుగా అంది! అందులో కోపం లేదు, వెటకారం లేదు. అదే రాహేలును నిలువునా కోసేసింది. నాలుగేళ్ళు! ఆ వేళ్ళ వెచ్చదనం ఇంకా చేతిలో ఉందనుకుంటూ తను గట్టెంట మురిసిపోతూ నడుస్తుంటే, ఇక్కడ నూతిలో చేద వేశారన్నమాట. ఆమెకు ఏడుపు రాలేదు. సిగ్గుతో, మోసపోయానన్న మంటతో ఒళ్ళంతా కాలిపోయింది. వెనక్కి తిరిగింది.

పొద్దున్నే మోకాళ్ళ మీద కూచుంటే ప్రార్థన సాగలేదు. "ప్రభువా, నిన్ను నమ్మాననుకుని ఆవిణ్ణి నమ్మాను" అని మాత్రం అనగలిగింది. గుడికి పోవద్దనుకుంది. కాసేపయ్యాక, పోకపోతే ఆ స్నానాలన్నీ సబబేనని తను ఒప్పుకున్నట్టవుతుంది కదా అనిపించింది. లేచి తెల్లచీర కట్టుకుంది.

వెళ్ళి ముందు చాప మీద, ఎప్పుడూ కూచునే చోటే కూచుంది. పక్కన లక్ష్మీనరసమ్మ. అబ్రహాము కళ్ళతో ఎన్ని సైగలు చేసినా రాహేలు కదల్లేదు. రొట్టె అయింది. గిన్నె పట్టుకుని ఆయన ఆమెను దాటబోతుంటే రెండు చేతులూ చాపింది. సంఘమంతా చూస్తోంది. ఇవ్వక చేసేదేముంది, ఇచ్చాడు.

రాహేలు తాగింది. గిన్నె పక్కకు చాపింది.

"తీసుకో చెల్లీ."

ఆరేళ్ళలో ఆమెను చెల్లీ అనడం అదే మొదలు. లక్ష్మీనరసమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.

"ఇందులో నాదేమీ లేదు. ఇది ఆయన రక్తం. పుచ్చుకుంటే పుచ్చుకో" అంది రాహేలు.

చెయ్యి లాగేస్తున్నా చాపే ఉంచింది. లక్ష్మీనరసమ్మ తల వంచుకునే ఓరగా అబ్రహాము వైపు చూసింది. అబ్రహాము నేలకేసి చూశాడు. రాహేలు వెనక్కి తిరిగి, కోతల కూలికి పోయే అప్పాయమ్మకు గిన్నె అందించింది. అప్పాయమ్మ తాగింది. ఆమె తరవాత అందరూ తాగారు. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

ఆరాధన ముగిశాక లక్ష్మీనరసమ్మ ముసుగు జారుతున్నా పట్టించుకోకుండా గుడి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ధైర్యం చాల్లేదక్కా. నాకోసం ప్రార్థన చేస్తావా?"

రాహేలుకు ఆమె మీద జాలేసింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"చేస్తాను. చెయ్యకుండా ఎక్కడికి పోతాను? కానీ ఇవాళ కాదు. ఇవాళ నాకోసం నేను చేసుకోవాలి" అని చెప్పి కాలువ గట్టెక్కింది.